తమ్ముడి మాటలు ఇల్లు మారిన రోజు

నేను ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం చేస్తాను. మా యజమాని మాత్రం దాన్ని కంప్యూటర్ ముందు నిలబడే ఉద్యోగం అంటాడు. నేను కుర్చీలో కుదురుగా ఉండగా ఆయన ఇంతవరకూ చూడలేదట. మా అమ్మయితే ఇంకా సూటిగా, "కాలుగాలిన పిల్లిలా తిరక్కే, చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతున్నాయి" అంటుంది. ఏం చేయను, కరెంటు పోయినా, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా ముందు నా కాళ్ళు కదులుతాయి. బుర్ర ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది.

అలాంటి నేను ఆ నెలంతా ఇంట్లో కంప్యూటర్‌కి అతుక్కుపోయాను. మా తమ్ముడి కోసం.

తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు, మాట రాలేదు. చిన్నప్పుడే చేతులు వెనక్కి పెట్టుకుని, గడప గడపకీ ఆగి, అందర్నీ తేరిపార చూస్తూ నడిచేవాడు. అందుకని వాడికి ఇంట్లో 'పెద్దమనిషి' అనే పేరు ఖాయమైంది. కుర్చీలకీ బల్లలకీ పాలిష్ పట్టడంలో మా చుట్టుపక్కల వాడికి సాటి లేరు. చదువు మాత్రం అబ్బలేదు. తన పేరు, అంకెలు తప్ప రాయలేడు. బధిరుల బడిలో నేర్పే సంజ్ఞల భాష కూడా రాదు. వాడి భాషని వాడే తయారుచేసుకున్నాడు, అందులో సగం పాలిష్ షెడ్డులోంచే వచ్చింది. 'బాగుంది' అనాలంటే ఎడమ ముంజేతి మీద కుడి అరచేతిని మెల్లగా జారుస్తాడు, నున్నగా తేలిన చెక్కని తడిమి చూసుకున్నట్టు. 'నొప్పి' అంటే బొటనవేలి మీద సుత్తి పడ్డవాడిలా చెయ్యి విదిలిస్తాడు. 'వద్దు' అంటే అరచేతిలో పొట్టు ఉన్నట్టు ఉఫ్‌మని ఊదేస్తాడు. ఈ భాష ఈ లోకంలో మా నలుగురికే వచ్చు. వాడికి, అమ్మకి, నాకు, మా ఆయనకి. నలుగురం ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి ఇంకెవరికీ రావలసిన అవసరం ఎప్పుడూ పడలేదు.

ఆ నెల మొదట్లో వాడి గుండెలో ఒక కవాటం పాడైందన్నారు, ఆపరేషన్ తప్పదన్నారు. ఆపరేషన్ మాట విన్నప్పుడు భయమేసింది. కానీ ఐసీయూ నర్సు చెప్పిన మాటకి అంతకంటే ఎక్కువ భయమేసింది.

"లోపల మీవాళ్ళెవరూ ఉండకూడదమ్మా. మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంటుంది, చేతికి సూదులుంటాయి. కొంతమంది కంగారులో అన్నీ పీకేసుకుంటారు. చేతులు మరీ ఊపేస్తుంటే మంచానికి కట్టేస్తాం. తప్పదు మరి."

"మా తమ్ముడు మాట్లాడేదే చేతుల్తో కదా సిస్టర్."

"ఏం అడుగుతున్నాడో మాకు తెలిస్తే కట్టాల్సిన పనుండదు" అంది ఆవిడ. "తెలియకపోతే మాత్రం ఏం చేయలేం."

చేతులు కట్టేస్తే వాడి నోరు కట్టేసినట్టే. ఎడతెగని నొప్పిలో, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య, నోరు కట్టేసిన మనిషిలా వాడు కళ్ళు తెరవడాన్ని ఊహించుకుని ఆవిడ వెంటపడ్డాను. గుర్తులన్నీ నా ఫోన్లో తీసి ఇస్తానన్నాను. బయటి ఫోన్లు లోపలికి రాకూడదట. కాగితం మీద బొమ్మలు గీసిస్తే? చేతి కదలిక కాగితం మీద ఎలా గీస్తాం? నాకే నవ్వొచ్చింది.

"మా వార్డులో ఒక టాబ్లెట్ ఉంది, నెట్ వస్తుంది" అంది నర్సు. "లింకేదైనా ఇస్తే దాన్లో చూసుకుంటాం."

అని ఆవిడ తన పనిలో పడిపోయింది. నేను బస్సెక్కేలోపే మనసులో వెబ్‌సైట్ మొదలుపెట్టేశాను.

వెబ్‌సైట్ చేయడం నాకు కొంచెం వచ్చు. మా దుకాణం ఫ్రేముల బొమ్మలు, రకాలు పెట్టి ఒకటి చేశాను, అది ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి ఇంట్లో పాత కంప్యూటర్లోనే సర్వర్ ప్రోగ్రామ్ వేసుకుని, ఒక డేటాబేస్ తెరిచి పని మొదలుపెట్టాను. ఒక్కో గుర్తుకి ఒక్కో వరుస. అందులో ఆ గుర్తుకి అర్థం, అప్పుడు నర్సు ఏం చేయాలి, దాని విడియో ఎక్కడుంది అన్నవి రాయాలి. తమ్ముడు చూసి తప్పులుంటే చెప్పాలి కాబట్టి, ఇంట్లో అందరి ఫోన్లలోనూ కనిపించేలా కంప్యూటర్‌ని మా వైఫైకి కలిపి పెట్టాను. ఈ సంగతి మళ్ళీ నా మెడకి చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

విడియోలు తీసేటప్పుడు ఇల్లంతా నవ్వులే. పెద్దమనిషి జుట్టు దువ్వుకుని, మంచి చొక్కా వేసుకుని గోడ ముందు నిలబడేవాడు. దాహం, చలి, నొప్పి, వాంతి, నడక, దుప్పటి, నిద్ర, వెలుతురు తగ్గించు, అన్నీ అయ్యాయి. తర్వాత మనుషులు. అమ్మ అంటే మోకాలు నిమురుకుంటాడు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మా ఆయన అంటే కళ్ళు మూసుకుని తల పక్కకి వాలుస్తాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్, ఇంట్లో మాత్రం ఆవలిస్తూనే కనిపిస్తాడు. షెడ్డు యజమాని అంటే గాల్లో పెద్ద పొట్ట గీస్తాడు. పక్కింటి పిల్లికి కూడా ఒక గుర్తుంది.

"మరి నేనో?" అని గుండె మీద చెయ్యి వేసుకుని అడిగాను.

వాడు చూపుడువేలు చాచి నన్ను చూపించాడు. అది కాదురా, నేను ఇక్కడ లేనట్టు అనుకో, అని సైగ చేశాను. మళ్ళీ వేలే చూపించాడు, ఈసారి పళ్ళన్నీ బయటపెట్టి. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. మా ఆయన తలెత్తి ఫ్యాన్ కేసి చూస్తూ కూర్చున్నాడు, ఆ ఫ్యాన్ తిరగడం అదే మొదటిసారి చూస్తున్నట్టు.

నాకు ఒళ్ళు మండింది. వాడి చెవులు నేను, వాడి నోరు నేను, షెడ్డు యజమానితో పోట్లాడి వాడికి సెలవులిప్పించేది నేను. పక్కింటి పిల్లికున్న పాటి విలువ నాకు లేదన్నమాట. 'అక్క' అని తెరిచిపెట్టిన వరుసని టకీమని నొక్కి తీసేశాను. వేలు చూపించడానికి విడియో ఎందుకు?

ఆపరేషన్‌కి ముందురోజు ఆదివారం. తమ్ముడిని పొద్దున్నే ఆస్పత్రిలో చేర్పించి, అమ్మని వాడి దగ్గర ఉంచి, ఇంటికొచ్చాం. అప్పటికే, వెబ్‌సైట్లకి చోటు అద్దెకిచ్చే ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర చోటు తీసుకుని ఉన్నాను. ఇంటి కంప్యూటర్లో ఉన్నదంతా అక్కడికి మార్చేస్తే చాలు, ఎక్కణ్ణుంచి తెరిచినా కనిపిస్తుంది. అంటే సామాన్లు సర్దుకుని ఇల్లు మారడమే. ఇల్లు మారడమంటే ఎంత నరకమో మారినవాళ్ళకే తెలుస్తుంది.

డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకుని హోస్టు దగ్గర ఎక్కించాను. అది చిటికెలో ఎక్కింది. విడియోలు మాత్రం కదలనంటే కదలవు. తెర మీద ఆకుపచ్చ గీత అంగుళం జరుగుతుంది, ఆగుతుంది. నేను హాల్లోంచి వంటగదిలోకి, వంటగదిలోంచి హాల్లోకి తిరుగుతున్నాను. మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు.

"నువ్వు తిరిగితే అది తొందరగా ఎక్కుతుందా?" అన్నాడు.

"మీరు కూర్చుంటే ఎక్కుతుందా?"

"ఎక్కదు. కానీ నా కాళ్ళు నొప్పెట్టవు."

ఎలాగో విడియోలు ఎక్కాయి. సైట్ తెరిచాను. తెల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం. డేటాబేస్‌తో సంబంధం కుదరలేదట. గుండెల్లో రాయి పడింది. పేరు సరిగ్గానే ఇచ్చాను కదా! హోస్టు వాళ్ళ సహాయ విభాగానికి సందేశం పెట్టి, జవాబొచ్చేదాకా మళ్ళీ హాలూ వంటగదీ. చివరికి అవతలి కుర్రాడెవరో ఓపిగ్గా చెప్పాడు. వాళ్ళ దగ్గర ప్రతి డేటాబేస్ పేరుకీ ముందు ఖాతాదారు పేరు తగిలిస్తారట. తాళం, అంటే పాస్‌వర్డు, కూడా తప్పనిసరి. మా ఇంటి డేటాబేస్‌కి తాళమే లేదు, ఎవరొస్తారు కనుక?

"అత్తారింటికెళ్ళింది కదా, ఇంటిపేరు మారింది" అన్నాడు మా ఆయన. "నువ్వేమో ఇంకా పుట్టింటి పేరుతో పిలుస్తున్నావు. ఎలా పలుకుతుంది?"

అంత చిరాకులోనూ నవ్వాపుకోలేకపోయాను. సెట్టింగుల్లో కొత్త పేరు, కొత్త తాళం రాశాను. సైట్ తెరుచుకుంది. 'నొప్పి' నొక్కితే మంచి చొక్కాలో పెద్దమనిషి ప్రత్యక్షమై చెయ్యి విదిలించాడు. 'దాహం' నొక్కాను, 'చలి' నొక్కాను, అన్నీ ఆడుతున్నాయి. నా ఫోన్లో చూశాను, బాగుంది. మా ఆయన ఫోన్ లాక్కుని చూశాను, బాగుంది. అమ్మ ఇంట్లో మర్చిపోయిన ఫోన్లో కూడా చూశాను. అప్పటికి ప్రాణం కుదుటపడింది. కంప్యూటర్‌కి దండం పెట్టినంత పని చేశాను.

మర్నాడు పొద్దున తమ్ముడిని చక్రాల మంచం మీద తీసుకెళుతుంటే ఆపరేషన్ గది తలుపుదాకా పక్కనే నడిచాను. వాడు కంగారుగా అటూ ఇటూ చూస్తున్నాడు. నేను ముంజేతి మీద అరచెయ్యి జార్చి చూపించాను. అంతా బాగుంటుందిరా. వాడు నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది, అయినా నా తృప్తి కోసం తనూ అలాగే జార్చాడు. తలుపులు మూసుకున్నాయి.

కాసేపటికి ఐసీయూ నర్సు డ్యూటీకొచ్చింది. ఆవిడ నన్ను మర్చిపోలేదు. టాబ్లెట్ పట్టుకొచ్చి నేను చెప్పిన లింకు తెరిచింది. "భలే చేశారే" అంది పేజీ చూసి. 'నొప్పి' నొక్కింది. విడియో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. 'దాహం' నొక్కింది. ఖాళీ డబ్బా. అర్థాలన్నీ ఉన్నాయి, ఏం చేయాలో ఉంది, చేతులు మాత్రం ఎక్కడా లేవు.

"మా నెట్ బాగాలేదేమో" అంది పాపం, నా మొహం చూసి.

నా ఫోన్ తీశాను. నా ఫోన్లో కూడా ఖాళీ డబ్బాలే! నిన్న ఇదే ఫోన్లో, ఈ కళ్ళతోనే చూశాను కదా. కాళ్ళు కదలడం మొదలైంది. బెంచీ నుంచి లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి బెంచీ దాకా.

"నిన్న ఇంట్లో బాగానే వచ్చిందిగా" అన్నాడు మా ఆయన.

ఇంట్లో. ఆ మాట దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి.

ఇంట్లో బాగానే వస్తుంది. ఎందుకు రాదు? ప్రతి వరుసలోనూ విడియో ఎక్కడుందో ఒక చిరునామా రాశానని చెప్పాను కదా. ఆ చిరునామా మా ఇంటి కంప్యూటర్‌ది. సామాన్లన్నీ కొత్త ఇంటికి చేర్చాను కానీ, డేటాబేస్ మాత్రం ఎవరడిగినా 'పక్కగదిలో ఉంది చూసుకో' అని పాత ఇంటి గదే చూపిస్తోంది. ఇంట్లో ఉన్న మూడు ఫోన్లూ మా వైఫైలోనే ఉన్నాయి కాబట్టి పక్కగదిలోకి తొంగిచూసి తెచ్చుకున్నాయి. ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి మా పక్కగది ఎక్కడిది? ఒక్కసారి, ఒకే ఒక్కసారి వీధి చివరికి నడిచి చూసి ఉంటే తెలిసేది. ఊరికే ఇల్లంతా తిరిగాను కానీ గుమ్మం దాటలేదు.

"సిస్టర్, వాడికి మెలకువ వచ్చేలోపు సరిచేస్తాను" అన్నాను.

"ఆపరేషన్‌కి చాలాసేపు పడుతుందిలెండి" అని ఆవిడ లోపలికెళ్ళింది.

విడియోలు హోస్టు దగ్గర భద్రంగా ఉన్నాయి, మార్చాల్సింది చిరునామాలే. పాత చిరునామా ఎక్కడ కనిపిస్తే అక్కడ కొత్తది పెట్టు అని డేటాబేస్‌కి ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు. కంప్యూటర్ ముందుంటే చిటికెలో పని. అరచేతిలో పట్టే ఫోన్లో, చెమట పట్టిన వేళ్ళతో, లిఫ్టు పక్కన తప్ప సిగ్నల్ రాని వరండాలో మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను తోసుకుంటూ వెళుతున్నారు. మా ఆయన లేచొచ్చి నా ముందు అడ్డంగా నిలబడ్డాడు, ఎవరూ తగలకుండా. ఆయన తనంతట తాను కుర్చీలోంచి లేవడం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

ఆజ్ఞ రాశాను. నొక్కాను. వరుసలన్నీ మారాయని జవాబొచ్చింది. సైట్ తెరిచాను.

ఖాళీ డబ్బాలే.

ఏడుపొచ్చేసింది. "నావల్ల కాదు, చేతులు కట్టేస్తారు వాడికి, నావల్లే" అన్నాను గట్టిగానే. బెంచీ మీద అమ్మ ఉలిక్కిపడింది. మా ఆయన నా ఫోన్ తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ఆ కొత్త చిరునామాని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆయనకి వీటిలో ఓనమాలు రావు, అయినా ఏ యంత్రాన్నైనా అలాగే చూస్తాడు.

"ఈ చుక్క పక్కన సందేంటి?" అన్నాడు.

చుక్క పెట్టగానే ఫోన్ కీబోర్డు దాని మంచితనం కొద్దీ పక్కన ఒక ఖాళీ వదిలింది. వాక్యం అయిపోయిందనుకుంది కాబోలు. చిరునామా మధ్యలో అంత సందుంటే ఏ విడియో మాత్రం దొరుకుతుంది? మళ్ళీ రాశాను. ప్రతి అక్షరానికీ ఆగి, చుక్క పక్కన సందు తీసేసి, ఊపిరి బిగబట్టి నొక్కాను. 'నొప్పి' తెరిచాను. గోడ ముందు మంచి చొక్కాలో పెద్దమనిషి చెయ్యి విదిలించాడు.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. వరసగా ఒక్కొక్కటే నొక్కుతూ కొడుకుని చూసుకుంది. 'అమ్మ' నొక్కి, వాడు మోకాలు నిమురుకోవడం చూసేసరికి ఆవిడ మొహం చెదిరిపోయింది, ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

మధ్యాహ్నం దాటాక డాక్టరొచ్చి ఆపరేషన్ బాగా జరిగిందన్నాడు. ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. వాడిని ఐసీయూలోకి తరలించారు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తే ఆకుపచ్చ తెరలు తప్ప ఏమీ కనిపించవు. సాయంత్రం ఎండ వరండాలోకి వాలుతుండగా నర్సు తల బయటపెట్టింది.

"మెలకువొచ్చింది. చెయ్యి విదిలించాడు, నొప్పికి మందిచ్చాం. దాహమన్నాడు, పెదాలు తడిపాం. బ్రహ్మాండంగా పనికొస్తోంది మీ సైట్."

నాకు గాల్లో తేలినట్టుంది. అమ్మని పట్టుకుని ఊపేశాను. కానీ ఆ సంతోషం ఎంతోసేపు మిగల్లేదు. ఎండ ఇంకా వరండాలో ఉండగానే ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి తల కాదు, మనిషే బయటికొచ్చింది. చేతిలో టాబ్లెట్ ఉంది.

"ఒకే గుర్తు పదేపదే చేస్తున్నాడమ్మా. అన్నీ వెతికాను, సరిపోయేది లేదు. మీ 'నడక'లా ఉందని, ఇప్పుడే నడవకూడదని సైగ చేశాం. కాదన్నట్టు తల ఊపేసి మళ్ళీ అదే చేస్తున్నాడు. సూదులున్న చెయ్యే ఆడిస్తున్నాడు. బీపీ పెరిగిపోతోంది. డాక్టరుగారు ఇంక కట్టేయమన్నారు. ఒక్క నిమిషం ఆగండి, వాళ్ళని అడిగొస్తానని వచ్చాను."

"ఎలా చేస్తున్నాడు సిస్టర్?"

ఆవిడ టాబ్లెట్ చంకలో పెట్టుకుని ఎడమ అరచేతిని చాచింది. దాని మీద కుడిచేతి రెండు వేళ్ళూ కాళ్ళలా నడిచాయి. మణికట్టు నుంచి వేళ్ళ కొసలదాకా వెళ్ళాయి, గిరుక్కున తిరిగాయి, మళ్ళీ మణికట్టు దాకా వచ్చాయి. మళ్ళీ తిరిగాయి.

నాకు తెలియదు. వాడి నోరు నేనే అనుకున్నాను, వాడి మాటలన్నీ నా చేత్తో వరుసలు పేర్చాను, ఈ ఒక్క మాట నాకు తెలియదు. వాడు లోపల ఏదో అడుగుతున్నాడు, ఇక కాసేపట్లో కట్టేస్తారు. "బయటికి తీసుకెళ్ళమనా? అటూ ఇటూ దొర్లించమనా? కాళ్ళు తిమ్మిరెక్కాయా?" అంటూ నడుస్తున్నాను. లిఫ్టు దాకా వెళ్ళాను, తిరిగాను. బెంచీ దాకా వచ్చాను, తిరిగాను. "ఎప్పుడూ చేయలేదు సిస్టర్ నా దగ్గర ఈ గుర్తు. ఎప్పుడూ చూడలేదు. ఒక్క నిమిషం, ఆలోచించనివ్వండి."

నర్సు వేళ్ళు ఇంకా ఆవిడ అరచేతి మీదే ఉన్నాయి. కదలడం మాత్రం మానేశాయి. ఆవిడ కళ్ళు నన్ను లిఫ్టు దాకా దిగబెట్టి, మళ్ళీ బెంచీ దాకా తీసుకొచ్చాయి.

"మేడమ్, ఒకసారి ఆగండి" అంది.

ఆగాను.

"కాదు కాదు. మళ్ళీ నడవండి."

"ఏంటి సిస్టర్?"

"మళ్ళీ అలాగే నడవండి అటూ ఇటూ!"

నేను నడవలేదు. అమ్మకేసి చూశాను. అమ్మ తల వంచుకుని మోకాళ్ళు నిమురుకుంటోంది. మా ఆయన ఫ్యాన్ కోసం పైకి చూశాడు. వరండాలో ఫ్యాన్ లేదు.

"అది నువ్వేనే" అంది అమ్మ.

"నేనా?"

"నువ్వే. చిన్నప్పట్నుంచీ అదే నీ గుర్తు. నువ్వెదురుగా ఉంటే వేలు చూపిస్తే చాలు కదా వాడికి. నువ్వు లేనప్పుడే అది చేస్తాడు. ఇంక నీకెలా తెలుస్తుంది?"

"మరి మీరు చెప్పొచ్చుగా!"

"చెప్తే ఒంటికాలి మీద లేస్తావని..." అన్నాడు మా ఆయన. తర్వాత గొంతు తగ్గించి, "నీకు దుకాణంలో ఆలస్యమైన రోజున వాడు గుమ్మంలో నిలబడి నన్ను చంపుకు తింటాడు. నా మొహం ముందు చెయ్యి పెట్టి ఇదే. ఎక్కడుంది, ఎక్కడుంది అని" అన్నాడు.

కోపం రావలసింది. ఇన్నేళ్ళూ నా వెనక నన్ను వెక్కిరిస్తున్నారని ఇల్లు పీకి పందిరేయాల్సిన దాన్ని. కోపం రాలేదు. ఇన్నేళ్ళుగా నేను లేని ప్రతి సాయంత్రం వాడు నా గురించి అడుగుతున్నాడు, ఆ మాటనే నేను టకీమని నొక్కి తీసేశాను. నా కాళ్ళు అప్పటికే ఐసీయూ తలుపు వైపు తిరిగాయి.

"పదండి" అంది ఆవిడ నా భుజం పట్టుకుని. "డాక్టరుగారితో నేను చెప్తాను. రెండే నిమిషాలు."

నీలం గౌను తొడిగారు, కాళ్ళకి సంచుల్లాంటివి వేశారు. తెర పక్కకి జరిగింది. వాడి గొంతులో గొట్టం, ఛాతీ నిండా కట్టు, చుట్టూ తీగలు. మంచం కమ్మీకి ఒక గుడ్డపట్టీ వేలాడుతోంది, దాని రెండో కొస వార్డు మనిషి చేతిలో ఉంది. పెద్దమనిషి కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. వాపెక్కిన ఎడమ అరచేతి మీద రెండు వేళ్ళు అటూ ఇటూ, అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆ వేళ్ళ నడక చూసి నన్ను నేను గుర్తుపట్టాను. అవి అచ్చం నాలాగే ఎక్కడా నిలవవు, ఎవరి మాటా వినవు.

నేను వాడి కళ్ళ ముందుకి వంగాను.

వేళ్ళు ఆగిపోయాయి. కాసేపు అలాగే చూశాడు. తర్వాత సూదులున్న చేతిని కష్టం మీద కాస్త ఎత్తి, చూపుడువేలు చాచి నన్ను చూపించాడు. ఆ వేలినే కదా నేను చాలదన్నాను. పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది కానీ సూదులకి భయపడి ఊరుకున్నాను. వాడు అదే వేలిని కిందకి తిప్పి, దుప్పటి మీద మెల్లగా రెండుసార్లు తట్టాడు.

కూర్చోమంటున్నాడు.

నర్సు స్టూలు లాగింది. కూర్చున్నాను. వాడు నన్ను అనుమానంగా ఒకసారి చూశాడు, ఎంతసేపు కూర్చుంటానో వాడికి తెలుసు. నేను కదల్లేదు. మెల్లగా వాడి కళ్ళు వాలిపోయాయి. చేతులు రెండూ దుప్పటి మీద వదులుగా పడి ఉన్నాయి. బీపీ చూపించే యంత్రంలో అంకెలు దిగుతుంటే డాక్టర్ చూసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి, ఎవరూ నన్ను లేవమనలేదు. వార్డు మనిషి ఆ గుడ్డపట్టీని కమ్మీ నుంచి విప్పి, చుట్ట చుట్టి, సొరుగులో పెట్టేశాడు.